బూరబాబాయి బ్రేకు ప్రోటీన్

"దగ్గితే కారొచ్చు. తుమ్మితే కారొచ్చు. బరువెత్తినా, గట్టిగా నవ్వినా కొన్ని నెలలపాటు కారొచ్చు. కొంతమందికి ఎప్పటికీ కొంచెం మిగిలిపోతుంది కూడా," అన్నాడు డాక్టరు, బల్ల మీది పెన్నుల వంక చూస్తూ, చాలా మర్యాదగా.

"ఊదితే?" అన్నాడు బూరబాబాయి.

డాక్టరు తలెత్తాడు. ప్రోస్టేట్ గ్రంథి తీసేశాక మూత్రం ఆగకపోవడం గురించి ఆయన చదివిన లావుపాటి పుస్తకాల్లో అధ్యాయాలకు అధ్యాయాలున్నాయి గానీ ఊదడం గురించి ఒక్క ముక్క లేదు. "ఏం ఊదితే?" అన్నాడు.

"బూరండీ. పెద్దది. ఇంత," అని చూపించడానికి బూరబాబాయి చేతులు బార్లా చాపేసరికి ఎడమ చెయ్యి వెళ్లి గోడ మీది క్యాలెండరును కింద పడేసింది. పక్కనే కూర్చున్న భార్య దాన్ని తీసి మేకుకు తగిలిస్తూ, "క్యాన్సరని ఇప్పుడే కదా చెప్పారు. ఈయన బూర గురించి అడుగుతున్నారు," అంది. ఆ మాట డాక్టరుతో అనలేదు, మొగుడితో అనలేదు, క్యాలెండరుతో అంది.

ఈ బూరబాబాయి ఎవరో కాస్త చెప్పుకోవాలి. పగలంతా ఆయన ప్లంబరు. ఊళ్లో సగం వంటగదుల్లో సింకు కింద వంగి చూస్తే ఆయన బిగించిన పైపులే కనిపిస్తాయి. ఎవరింట్లో కుళాయి కారినా, గోడ చెమ్మగిల్లినా ఆయనకే కబురు. సాయంత్రమయ్యేసరికి చేతులకున్న గ్రీజు కడుక్కుని పట్టణ బ్యాండులో అన్నిటికన్నా పెద్ద బూర ఊదుతాడు. మనిషి పొట్టి, బూర పొడుగు. దూరం నుంచి చూస్తే ఇత్తడి బూరకే కాళ్లు మొలిచి నడిచొస్తున్నట్టు ఉంటుంది. ఆ ఠీవి చూసి వీధి పిల్లలు పెట్టిన పేరు అలాగే స్థిరపడిపోయింది. అసలు పేరు భార్యకూ ఆస్పత్రి వాళ్లకూ తప్ప ఎవరికీ గుర్తు లేదు.

ఆ బూర పాటేమీ పాడదు. పాటంతా చిన్న బూరలూ ఫ్లూట్లూ క్లారినెట్లూ పంచుకుంటాయి. ఇది అడుగున కూర్చుని భూం, భూం అంటుందంతే. అది ఉన్నంతసేపూ ఎవరూ దాన్ని పట్టించుకోరు, లేనప్పుడు మాత్రం అందరికీ ఏదో వెలితిగా ఉంటుంది. బూరబాబాయికి ఆ ఉద్యోగం మహా ఇష్టం. మెచ్చుకునేవాళ్లు లేకపోయినా తను లేకపోతే కుదరదు. ప్లంబరుకి అలవాటైన బతుకే కదా అది!

ఆ బూర ఆయన చేతికి రావడమూ ప్లంబింగు చలవే. పడుచువాడుగా ఉన్నప్పుడు బ్యాండు హాలులో పైపు బాగుచెయ్యడానికి వెళ్లాడు. మూలన దుమ్ము కొట్టుకుపోయి పడుంది బూర. దాన్ని నింపేంత ఊపిరి ఊళ్లో ఎవరికీ లేదట. పూడుకుపోయిన గొట్టాలను నోటితో ఊది శుభ్రం చేసే మనిషి గొట్టం కనిపిస్తే ఊరుకుంటాడా? తీసి ఒక్క ఊదు ఊదాడు. కిటికీ అద్దాలు గజగజలాడాయి, బ్యాండు మాస్టారు చేతిలోని టీ ఒళ్లో పడింది. "ఎవడ్రా వీడు!" అని మాస్టారు అరిచిన అరుపులో తిట్టెంతో సంతోషమెంతో ఇప్పటికీ తేలలేదు.

పెళ్లి కూడా ఆ ఊపిరి పుణ్యమే. బ్యాండుకి బట్టలు కుట్టే టైలరమ్మ ఆయన ఛాతీ కొలిచి కోటు కుట్టింది. మొదటి కచేరీలో మొదటి ఊదుకే పై గుండీ తెగి, ఎగిరి వెళ్లి మాస్టారి కళ్లజోడుకి తగిలింది. మర్నాడు ఆవిడ టేపు పట్టుకుని వచ్చి, "ఊపిరి పీల్చండి. ఇంకా పీల్చండి. ఇంకా," అంది. ఆవిడ అంత దగ్గరగా నిలబడి అడుగుతుంటే కాదనడం ఎలా? పీల్చి పీల్చి, కళ్లు తిరిగి కుట్టుమిషను మీద పడ్డాడు. "అలా పడ్డవాడు మళ్లీ లేవలేదు," అని టైలరమ్మ తమ్ముడు ఈనాటికీ అందరికీ చెప్తాడు. ఆ తమ్ముడే బూరబాబాయికి బావమరిది. వృత్తి గోడలకు రంగులు వెయ్యడం, బ్యాండులో పెద్ద డ్రమ్ము కొట్టడం. ఒళ్లు చూస్తే కొండంత, సూదిని చూస్తే కుందేలు.

ఆ సూది భయం వల్లే ఈ జబ్బు బయటపడింది. పెయింటర్ల సంఘం వాళ్లు ఉచితంగా రక్త పరీక్షలు చేయిస్తుంటే బావమరిది ఒక్కడూ వెళ్లలేక బావను తోడు తీసుకెళ్లాడు. "ముందు నువ్వు తీయించుకో బావా, నీకేం కాకపోతే నేనూ తీయించుకుంటా," అన్నాడు. బావకే అయింది. ప్రోస్టేట్ పరీక్షలో అంకె ఎక్కువొచ్చింది. ఆ అంకె పట్టుకుని ఆస్పత్రికి వెళ్తే లోపలినుంచి సూదులతో సన్నటి ముక్కలు తీశారు. చివరికి క్యాన్సరని తేల్చారు. మరీ పిల్లిలాంటిదీ కాదు, పులిలాంటిదీ కాదు, నడిమధ్యది. బావమరిది రక్తం మాత్రం శుభ్రంగా ఉంది. పాపం, వారంపాటు ఆ సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

డాక్టరు రెండు దారులు చెప్పాడు. గ్రంథి మొత్తం తీసెయ్యడం ఒకటి. తీయకుండా, రక్తమూ అప్పుడప్పుడు ముక్కలూ పరీక్షిస్తూ కనిపెట్టుకుని ఉండడం రెండోది. రేడియేషన్ అనే దారి ఒకటుంది గానీ, బూరబాబాయికి పాత పేగుల జబ్బు ఉండడంతో ఆ తలుపు ముందే మూసుకుపోయింది. ఊదడం గురించి డాక్టరు చాలాసేపు ఆలోచించి నిజాయితీగానే చెప్పాడు. కడుపు బిగించి ఊదేవాడికి దగ్గు కన్నా ఊదడమే కష్టం. ఏమవుతుందో తనకు తెలియదు.

ఇక ఇంట్లో మొదలైంది రగడ.

"తీయించేసుకోండి," అంది టైలరమ్మ, కత్తెర పట్టుకునే. "ఇంట్లో పాము దూరిందని తెలిశాక, అది నిద్రపోతోంది కదా అని దాని పక్కనే పక్కేసుకుంటామా?"

"అది పామో వానపామో ఇంకా తేలలేదే!"

"తేలేదాకా నేను నిద్ర మానుకుని కూర్చోవాలా?"

"మరి నేను ఊదడం మానుకుని కూర్చోవాలా? ఊరందరి లీకులూ కట్టేవాడికి తన లీకు కట్టుకోవడం చేతకాలేదంటారే! కవాతులో నా వెనక నడిచేవాడు జారి పడితే ఎవరిది పూచీ?"

ఆ మాటకు ఆవిడకు నవ్వాగలేదు. నవ్వుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే నోట్లో పెట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది, ఇంకా గట్టిగా ఏడవడానికి వీలుగా. "మీరు కారుతూ ఉన్నా నాకు ఫరవాలేదండీ. ఉంటే చాలు," అంది. బూరబాబాయి ఆ సూదులన్నీ ఏరి డబ్బాలో వేశాడు.

ఇద్దరూ మొహాలు వేలాడేసుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన కొత్త సంగతి చెప్పాడు.

"మీ ముక్కలు మైనంలో భద్రంగా ఉన్నాయి. వాటిని ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, రంగు పట్టించి చూస్తాం. కణాల్లో కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. అవి ఉన్నాయా లేదా, ఎంతున్నాయి అన్నదాన్ని బట్టి ఈ జబ్బు రేపు ఎలా నడుస్తుందో కొంత ఊహించొచ్చు. ఒక ప్రోటీన్ బ్రేకు లాంటిది. అది ఉంటే కణం ఎక్కడపడితే అక్కడ పరిగెత్తదు. లేకపోతే జబ్బు ముదిరే అవకాశం పెరుగుతుంది. ఇంకొకటి పరుగు ప్రోటీన్. ఎన్ని కణాలు పరుగు మీదున్నాయో అది చెబుతుంది."

"బ్రేకు ఉంటే కోత వద్దా?" అన్నాడు బూరబాబాయి, కుర్చీ అంచుకు జరిగి.

"బ్రేకు లేకపోతే కోతే కదండీ?" అంది టైలరమ్మ, ఈ పక్క అంచుకు జరిగి.

"అలా కాదు. ఇది జోస్యమూ కాదు, కోర్టు తీర్పూ కాదు. అవకాశం ఎక్కువా తక్కువా అని చెబుతుంది, అంతే. నిర్ణయం మాత్రం..."

అప్పటికే వాళ్లిద్దరూ వినడం మానేశారు. తగువులాడుకునేవాళ్లకు మధ్యవర్తి దొరికితే అంతకన్నా ఏం కావాలి? ఆస్పత్రి మెట్ల మీదే ఒప్పందం కుదిరిపోయింది. బ్రేకు ప్రోటీన్ ఉందని వస్తే టైలరమ్మ ఇంకెప్పుడూ కోత మాట ఎత్తకూడదు. లేదని వస్తే బూరబాబాయి బూర మాట ఎత్తకూడదు. బావమరిది సాక్షి. ఒకరి చేతిలో ఒకరు చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నారు. డాక్టరు చెప్పిన ఆ "అంతే" అనే మాట లోపలి గదిలోనే ఉండిపోయింది.

ఆ ఎదురుచూసిన రోజుల్లో ఆ ఇల్లు ఇల్లులా లేదు, తిరునాళ్లలా ఉంది. మర్నాడు పొద్దున్నే బావమరిది ఓ పెద్ద గంపతో గుడ్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇవెందుకురా?"

"ప్రోటీన్ కావాలన్నారుగా బావా. ఇవన్నీ ఉడకబెట్టుకుని తిను. బ్రేకు ఎందుకు రాదో నేనూ చూస్తా!"

బూరబాబాయి తినడం మొదలుపెట్టాడు కూడా. టైలరమ్మ మిషను దగ్గర్నుంచే కేకేసింది. "ఒరే, ఆ ముక్క మైనంలో ఉందిరా, ఆస్పత్రిలో! ఈయన ఇక్కడ గంపంతా మింగినా దానికి అందుతుందా?" ఇద్దరూ బిక్కచచ్చిపోయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయినా ఉడికినవి వృథా చెయ్యడం ఎందుకని చెరి సగం లాగించేశారు.

అసలు తమాషా బ్యాండు హాలులో జరిగింది. ఒకవేళ కోత తప్పకపోతే ముందునుంచే కండరాలు గట్టిపడాలని ఆస్పత్రిలో వ్యాయామాలు నేర్పే అమ్మాయి ఒకటి నేర్పింది. మూత్రం వస్తుంటే మధ్యలో ఆపుకుంటాం చూడండి, ఆ కండరాన్ని బిగపట్టాలి, వదలాలి, మళ్లీ బిగపట్టాలి. పొట్టా పిర్రలూ కదలకూడదు. మొహంలో ఏమీ తెలియకూడదు. బూరబాబాయికి ఏదీ దాచుకునే అలవాటు లేదు. సాయంత్రం హాలుకి వెళ్లి అందరికీ వివరంగా చెప్పేశాడు, ఫ్లూటు ఊదే లెక్కల టీచరమ్మ అక్కడే ఉందన్న సంగతి కూడా చూసుకోకుండా.

బ్యాండు మాస్టారు బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి విరమించిన మనిషి. వ్యాయామం అన్న మాట చెవిన పడేసరికి ఆయన నడుం నిటారుగా అయిపోయింది.

"ఒక్కడివే చేస్తే బద్ధకిస్తావు. అందరూ చేస్తారు. వాద్యాలు ఒళ్లో పెట్టుకోండి. డ్రమ్ము!" అన్నాడు.

బావమరిది ధం అన్నాడు. అందరూ బిగపట్టారు. మళ్లీ ధం. అందరూ వదిలారు. హాలు నిండా పెద్దమనుషులు. బేకరీ ఆయన, పోస్టుమాన్, చెప్పులు కుట్టే ముసలాయన, టీచరమ్మ. అందరూ కప్పు వంక చూస్తూ, పరీక్ష రాస్తున్నంత గంభీరంగా, ధం, ధం. మాస్టారు మధ్యలో తిరుగుతూ, "క్లారినెట్లు! వెనకబడుతున్నారు!" అని గదమాయిస్తున్నాడు. వెనకబడుతున్నారని ఆయనకెలా తెలిసిందో ఎవరికీ అర్థం కాలేదు గానీ ఎవరూ ఎదురు చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే కొత్త బట్టల కొట్టు పెడుతున్నాయన బ్యాండుని మాట్లాడుకోవడానికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, ఊదకుండా కూర్చున్న జనాన్నీ మోగుతున్న డ్రమ్మునూ చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "మౌనం పాటిస్తున్నారా? ఎవరైనా పోయారా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవరూ పోలేదండీ. పోకుండా చూస్తున్నాం," అంది టీచరమ్మ.

అంతే! బేకరీ ఆయన ముందు నవ్వాడు. ఆ తర్వాత హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. కొట్టాయన ఏమీ అర్థం కాక తనూ నవ్వి, టోపీ మళ్లీ పెట్టుకుని, బేరం ఆడకుండానే బ్యాండుని మాట్లాడుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి బూర సాధనకు ముందు ఆ సాధన ఖాయమైపోయింది. ఒక రోజు టీచరమ్మ బూరబాబాయిని పక్కకు పిలిచి, "బాబాయిగారూ, మీ పుణ్యమా అని నాకూ పనికొచ్చిందండీ. మూడో కాన్పు దగ్గర్నుంచీ తుమ్మాలంటే భయం నాకు. మా ఆయనకి కూడా చెప్పుకోలేదు," అంది. ఆ మాటకు బూరబాబాయి నవ్వలేదు.

ఇంత సందడిలోనూ భయం పోయిందనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఒక మధ్యాహ్నం ఎవరి వంటింట్లోనో సింకు కింద వెల్లకిలా పడుకుని, కారే పైపుకి నట్టు బిగిస్తూ బిగిస్తూ పానా పక్కన పెట్టేశాడు. చచ్చిపోతానేమో అనిపించింది. ఆ వెంటనే, చచ్చిపోకుండా బూర లేకుండా బతుకుతానేమో అనిపించింది. రెండిట్లో ఏది ఎక్కువ భయమో తేల్చుకోలేక కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటావిడ బయటనుంచి, "ఆగిందా?" అని అడిగింది. "ఆగుతోందమ్మా," అన్నాడు, మొహం తుడుచుకుని.

ఫలితం వచ్చిన రోజు డాక్టరు గదిలో బూరబాబాయి కాగితం చూడనన్నాడు. "కాగితం నాకేం తెలుస్తుందండీ. పైపు పగిలిందంటే పగిలినచోటు చూస్తాం గానీ ఉత్తరం చదువుతామా? నా ముక్క నాకు చూపించండి," అన్నాడు. డాక్టరుని ఇలాంటి కోరిక అంతకుముందు ఎవరూ కోరలేదు. కింది అంతస్తులో స్లైడ్లు చూసే డాక్టరమ్మకు ఫోను చేశాడు.

ఆ డాక్టరమ్మ గది ఇరుకుగా, చల్లగా, మందుల వాసనతో ఉంది. ఆవిడ సరదా మనిషి. "ఇన్నేళ్లలో నా దగ్గరికి ముక్కలొచ్చాయి గానీ, ముక్కల తాలూకు మనుషులెప్పుడూ రాలేదు. కూర్చోండి, కూర్చోండి," అని సంబరపడిపోయింది. ఇద్దరు ఒకేసారి చూడగల మైక్రోస్కోపు ఉందక్కడ. ఒక పక్క ఆవిడ, ఇంకో పక్క బూరబాబాయి.

మొదట తన కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి ఆయనకి. తర్వాత ఒక్కసారిగా వెలుగు విచ్చుకుంది. గుండ్రటి గదులూ, వంకర సందులూ, అన్నిటి గోడలకూ గోధుమరంగు. అక్కడక్కడా నీలం చుక్కలు.

"ఆ గోధుమరంగంతా బ్రేకు ప్రోటీనే. ఎంత బాగా పట్టిందో చూడండి. ఇవి జబ్బు కణాలే, అయినా బ్రేకు ఉంది," అంది డాక్టరమ్మ.

"ఇదంతా నాదేనా?"

"మీదే."

"ఏమే, ఇలా చూడు! నేను లోపల ఎంత అందంగా ఉన్నానో!"

"లేవండి మరి, చూడనివ్వండి," అని టైలరమ్మ ఆయన్ని తోసి కూర్చుంది. చూసింది. గెలుపు మొగుడిదేనని తెలిసిపోయింది. ఓడిపోయినందుకు ఇంత సంతోషం వస్తుందని ఆవిడ అనుకోలేదు. ఒట్టు, సూదులు, గుడ్లు అన్నీ మర్చిపోయి ఇంకా ఇంకా చూస్తూ ఉంది. డాక్టరమ్మ స్లైడు మార్చింది. మళ్లీ గోధుమరంగు. ఇంకొకటి మార్చి మెల్లగా జరిపింది.

"ఇక్కడ రంగు పట్టలేదు," అంది టైలరమ్మ.

"అవునమ్మా. అదే చూపిద్దామనుకున్నాను," అంది డాక్టరమ్మ, గొంతు మార్చకుండానే. "చుట్టూ ఉన్న మంచి కణాలకు పట్టింది, అంటే రంగులో లోపం లేదు. ఈ మూల మాత్రం బ్రేకు లేదు. తక్కిన ముక్కలన్నిట్లో ఉంది."

బూరబాబాయి వంగి తనూ చూశాడు. గోధుమరంగు మధ్యలో వెలిసిపోయిన మచ్చ. ఇందాకటి అందమంతా ఆ మచ్చ చుట్టూనే ఉంది. ఆయనకి ఇక వేరే ఏదీ కనిపించలేదు.

పైన డాక్టరు ఓపికగా చెప్పాడు. పరుగు ప్రోటీన్ తక్కువే. బ్రేకు చాలా చోట్ల ఉంది, ఒక మూల లేదు. అలాంటి మూల అసలు లేనివాళ్లతో పోలిస్తే ముదిరే అవకాశం ఎక్కువ. అన్నిచోట్లా బ్రేకు పోయినవాళ్లతో పోలిస్తే తక్కువ. తీయించుకున్నా తప్పు కాదు, కనిపెట్టుకుని ఉన్నా తప్పు కాదు.

"అలా ఎలాగండీ? మేం ఒట్టేసుకున్నాం!" అంది టైలరమ్మ.

"ఎవరి మీద?"

"బ్రేకు మీద!"

డాక్టరు మొహం చూసి ఆవిడకు నవ్వొచ్చింది. ఆపుకోబోయింది గానీ ముక్కులోంచి వచ్చేసింది. అది విని బూరబాబాయి మొదలెట్టాడు. ఇన్నాళ్లూ ఎవరు గెలుస్తారా అని చూస్తుంటే, తీరా ఆ మధ్యవర్తి వచ్చి ఇద్దరికీ చెరో ముక్క పంచి వెళ్లిపోయాడు! ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కళ్ల నీళ్లు కారేలా నవ్వారు. డాక్టరు గాభరాపడి ఇద్దరికీ మంచినీళ్లు తెప్పించాడు.

బయట బస్సు ఆగేచోట బల్ల మీద కూలబడ్డాక గానీ నవ్వు తగ్గలేదు. తగ్గాక టైలరమ్మ కళ్లు తుడుచుకుని, "తీయించొద్దు లెండి. ఊదుకోండి. నేను అలవాటు పడతాను," అంది.

"కాదు, తీయించేసుకుంటా."

"వద్దంటున్నానా!"

"ఇన్నాళ్లూ తీయించుకోమని చంపుకుతిన్నది నువ్వే కదే!"

"అప్పుడు వేరు. అంతా బ్రేకు ఉండడం నేను చూశాను. ఒక్క మూల కోసం మీ ఊపిరి తీసేస్తానా?"

"నేనూ చూశాను," అన్నాడు బూరబాబాయి. "చూడకముందు వేరే సంగతి. ఇకనుంచి ఊదడానికి కళ్లు మూసుకున్నప్పుడల్లా ఆ మచ్చే కనిపిస్తుంది నాకు. కారుతుందని తెలిసిన పైపుని గోడలో పెట్టి పూడ్చి ఇంటికి పోయే ప్లంబర్ని కాను నేను. నావల్ల కాదే."

"మరి ఊదలేకపోతే?"

"ఊదలేకపోతే సాయంత్రాలు నీ మిషను పక్కన కూర్చుని కబుర్లు చెప్తాను."

"అయ్యో దేవుడా! ఆ శిక్ష నాకెందుకండీ!" అంది. అని ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. ఒంటి నిండా రంగు చుక్కలతో బావమరిది పరుగెత్తుకుంటూ వచ్చి, "గెలిచిందెవరు?" అన్నాడు. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు వేలు చూపించారు.

కోత సవ్యంగా జరిగింది. మెలకువ రాగానే బూరబాబాయి తనకు తగిలించిన గొట్టాన్నీ, సంచినీ, వాటి మధ్య అతుకునూ పరీక్షగా చూసి, "ఎవరో గానీ జాయింటు నీటుగా బిగించారు," అని మెచ్చుకుని మళ్లీ నిద్రపోయాడు. తీసిన గ్రంథిని మొత్తం పరీక్షిస్తే ఆ మూల సూది ముక్కలో కనిపించినదాని కన్నా కాస్త పెద్దదే గానీ, జబ్బు గ్రంథి గోడ దాటలేదు. రక్తంలో అంకె దాదాపు సున్నాకు పడిపోయింది. తీయకపోతే ఏమయ్యేదో డాక్టరూ చెప్పలేదు, వీళ్లూ అడగలేదు.

కారడం మాత్రం కారింది. దగ్గుకీ కారింది, మెట్లకీ కారింది. బావమరిది వచ్చి జోకు వేసిన ప్రతిసారీ కారింది. దాంతో టైలరమ్మ తమ్ముణ్ణి కొన్నాళ్లు గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడించింది. బ్యాండులో అడుగున భూం లేక పాటలన్నీ గాలికి ఎగిరిపోతున్నట్టు ఉన్నాయట. ఆ లోటు డ్రమ్ముతో పూడ్చుదామని బావమరిది దాని తోలు చించేశాడు. బూరబాబాయి బిగపట్టాడు, వదిలాడు, మళ్లీ బిగపట్టాడు. నెలలు గడిచాయి. దగ్గుకి ఆగింది. మెట్లకి ఆగింది. ఊదు సంగతి ఇంట్లో ఇద్దరూ ఎత్తలేదు.

ఒక సాయంత్రం పార్కులో కచేరీ ఉందనగా ఆయన లేచి కోటు తొడుక్కున్నాడు. టైలరమ్మ నల్లటి కొత్త ప్యాంటు తెచ్చి ఇచ్చింది. లోపల మెత్తటి మందపాటి అస్తరు వేసి కుట్టింది. ఎప్పుడు కుట్టిందో ఆయనకి తెలియనే తెలియదు.

పార్కు నిండా జనం. ఆవిడ ముందు వరసలో కూర్చుంది. బూరబాబాయి కుర్చీలో సర్దుకుని, బూరను ఒళ్లోకి తీసుకుని మొదటి భూం అన్నాడు. టీచరమ్మ ఫ్లూటు పక్కకి పెట్టేసి చప్పట్లు కొట్టబోయి మాస్టారి చూపుకి ఆగింది. రెండో పాటకి ఆయన మొహం ఎర్రబడింది. మూడో పాటకి చిన్నపిల్లాడిలా కాళ్లు ఆడించాడు. అడుగున అది పడగానే బ్యాండు మొత్తం నేల మీదికి దిగినట్టయింది. బేకరీ ఆయన ఊదుతూనే నవ్వుతున్నాడు, అందుకని అపస్వరాలు పడుతున్నాయి, ఎవరికీ పట్టలేదు.

చివరి పాట చివర్లో అందరూ ఆగిపోతారు, పెద్ద బూర ఒక్కటే అడుగు స్వరాన్ని పట్టుకుని నిలబడాలి. మాస్టారు చెయ్యి ఎత్తాడు. బూరబాబాయి మొత్తం ఊపిరి పీల్చి ఊదాడు. సగం దూరం వచ్చేసరికి ఆయన మొహంలో ఏదో మారింది. టైలరమ్మకు అర్థమైపోయింది. ఆవిడ కుర్చీలోంచి సగం లేచింది. ఆయన ఆవిడ వంకే చూస్తూ ఊదుతున్నాడు. మాస్టారి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. స్వరం వణకలేదు, సన్నబడలేదు. కింద బల్లలూ, జనం చేతుల్లోని గ్లాసులూ, ఆవిడ పక్కటెముకలూ అన్నీ మెల్లగా అదురుతున్నాయి. మాస్టారు చెయ్యి దించాకే అది ఆగింది.

జనం పల్చబడేదాకా ఆయన కుర్చీలోంచి లేవలేదు. ఆవిడే వేదిక ఎక్కి పక్కన నిలబడింది.

"తడిసిందా?"

"తడిసింది."

"బాగానా?"

"సాక్సుల దాకా."

"మధ్యలో ఆపేయొచ్చుగా?"

"ఊపిరి ఉంది కదే," అన్నాడు బూరబాబాయి. అని ఊరు కొనేసినవాడిలా నవ్వాడు.

ఆవిడ ఆయన కోటు విప్పించి నడుముకు చుట్టి, కోటు చేతులు ముందుకు ముడేసింది. వేలితో ముడి సర్దుతూ, "వచ్చే వారం కూడా కచేరీ ఉందా?" అని అడిగింది.

"ఉంది."

"అయితే రేపే ఇంకో ప్యాంటు కుడతాను."